మొదటి మీటింగ్ నచ్చకపోతే రెండోది చూడాలి

తాగుడు మానాలనుకుని, ఎలాగో ధైర్యం కూడగట్టుకుని ఒక ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా నడుపుకునే గ్రూపులు) మీటింగుకు వెళ్లినవాళ్లలో చాలామంది రెండోసారి ఆ గుమ్మం తొక్కరు. ఎందుకని అడిగితే వచ్చే జవాబులు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. అందరూ ముసలాళ్లే ఉన్నారు, అంతా ఇంగ్లీషులో మాట్లాడారు, చర్చి ఆవరణలో పెట్టారు, దేవుడు దేవుడు అంటున్నారు, తెలిసినవాళ్లు ఎవరైనా చూస్తారేమోనని టెన్షన్, మొత్తానికి మనకు సెట్ కాదు. వీటన్నిటినీ కుంటిసాకులని కొట్టిపారేయడం సులువే గానీ అది న్యాయం కాదు, ఇందులో సగం నిజమైన ఇబ్బందులే. కాకపోతే ఆ మనిషి చూసింది ఆల్కహాలిక్స్ అనానిమస్ మొత్తాన్ని కాదు, ఒకానొక సాయంత్రం ఒక గదిలో కూర్చున్న పది పదిహేను మందిని. పక్క పేటలో, వేరే రోజున, వేరే మనుషులతో జరిగే మీటింగు పూర్తిగా వేరేలా ఉండొచ్చని చెప్పేవాళ్లు లేకనే చాలామంది అక్కడితో ఆగిపోతారు.

ఏఏ హెడ్డాఫీసు చెప్పినట్టు నడిచే బ్రాంచీల వ్యవహారం కాదు. 1935లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, ఏక్రన్ అనే ఊళ్లో, బిల్ విల్సన్ అనే షేర్ మార్కెట్ మనిషి, బాబ్ స్మిత్ అనే సర్జన్ కలిసి దీన్ని మొదలుపెట్టారు. ఇద్దరూ తాగి తాగి అన్నీ పోగొట్టుకునే దాకా వెళ్లినవాళ్లే, ఇంకో తాగుబోతుతో కూర్చుని మాట్లాడుతున్నంతసేపూ తాగాలనిపించడం లేదని కనిపెట్టినవాళ్లే. గ్రూపులు ఎలా నడవాలో చెబుతూ తర్వాత రాసుకున్న పన్నెండు సంప్రదాయాల్లో నాలుగోదాని ప్రకారం ఏ గ్రూపుకు ఆ గ్రూపు స్వతంత్రం. మూడోదాని ప్రకారం సభ్యత్వానికి కావాల్సింది తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే. ముంబైలో దేశమంతటికీ కలిపి ఒక సర్వీస్ ఆఫీసు ఉంది, పుస్తకాలు, సమాచారం అక్కణ్ణుంచి వస్తాయి గానీ గ్రూపుల మీద పెత్తనం ఉండదు. అందుకే ఒకే ఊళ్లో ఒక గ్రూపు బడిలా క్రమశిక్షణగా నడిస్తే ఇంకొకటి రచ్చబండలా ఉంటుంది. రెండూ ఏఏనే.

మీటింగు వెతకడానికి ముందు చూసుకోవాల్సింది ఒకటుంది, దాన్ని దాటేస్తే ప్రాణం మీదికి వస్తుంది. పొద్దున లేవగానే ఒక పెగ్గు పడితే గానీ చేతుల వణుకు ఆగని మనిషి, ఎవరి మాటో విని ఒక్క రోజులో టక్కున ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, సాధారణంగా చివరిసారి తాగిన రెండు రోజుల్లోపే. రెండు మూడు రోజులు గడిచాక మనిషి పొంతన లేకుండా మాట్లాడుతూ, లేనివి కనిపిస్తున్నాయంటూ, ఒళ్లంతా చెమటలు పట్టి ఊగిపోతుంటే అది డెలీరియం ట్రెమెన్స్, చికిత్స అందకపోతే చనిపోయే ప్రమాదం ఉంది. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో మందు షాపులు మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రికి కొద్ది రోజుల్లోనే ఇలాంటివాళ్లు వరసకట్టారు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడూ అదే కథ, కాకపోతే అప్పుడు కల్లులో కలిపే అల్ప్రజోలం అందక. అంచేత రోజూ గట్టిగా తాగేవాళ్లు ముందు ప్రభుత్వ ఆసుపత్రి సైకియాట్రీ విభాగానికో, తెలిసిన డాక్టరు దగ్గరికో వెళ్లి, కొన్ని రోజుల మందులు, బి1 విటమిన్ లాంటివి తీసుకుంటూ ఆపడమే పద్ధతి. ఎటు వెళ్లాలో తెలియకపోతే టెలీ మానస్ నంబరు 14416, కేంద్ర ప్రభుత్వ డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446 ఉన్నాయి. మీటింగులో ఉండేవాళ్లు డాక్టర్లు కారు, మంచి గ్రూపు అయితే ఆ మాట వాళ్లే చెబుతారు.

కేంద్రం చేయించిన జాతీయ సర్వే 2019లో బయటికొచ్చింది. దేశంలో సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతారని, అందులో 5.7 కోట్ల మందికి పైగా దానివల్ల ఇబ్బందుల్లో పడి సాయం అవసరమైన స్థితిలో ఉన్నారని అది లెక్క తేల్చింది. మద్యానికి బానిసైనవాళ్లలో 38 మందికి ఒకరు మాత్రమే ఏదో ఒక చికిత్స అందిందని చెప్పారట. ఫీజు లేకుండా, అడ్మిషన్ లేకుండా, సాయంత్రం ఓ గంట గంటన్నరలో ముగిసే మీటింగు అనేది మిగతా 37 మందిలో చాలామందికి అందుబాటులో ఉండగలిగిన వస్తువు. అది తమకు పనికొస్తుందో లేదో తేల్చుకునే దాకా వాళ్లు వెళ్లడం లేదు, అదీ బాధ.

అసలు లోపల ఏం జరుగుతుంది? మీటింగుల్లో ఓపెన్, క్లోజ్డ్ అని రెండు రకాలు. ఓపెన్ మీటింగుకు ఎవరైనా రావచ్చు, భార్య, అన్న, డాక్టరు, ఊరికే చూద్దామని వచ్చినవాడు కూడా. క్లోజ్డ్ మీటింగు తాగుడు సమస్య ఉన్నవాళ్లకే. కొన్ని రోజులు ఒకరే ముప్పావు గంట తన కథ చెబుతారు, కొన్ని రోజులు తాగుడు నుంచి బయటపడటానికి ఏఏ చెప్పే పన్నెండు మెట్లలో ఒకదాన్ని చదివి చర్చిస్తారు, కొన్ని రోజులు వరసగా అందరూ నాలుగు మాటలు మాట్లాడతారు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు మధ్యలో సలహా ఇవ్వకూడదన్నది చాలాచోట్ల రివాజు, మన ఇళ్లలో ఎప్పుడూ దొరకని సౌకర్యం అది. కొత్తవాళ్లు మాట్లాడి తీరాలనేం లేదు, 'ఈరోజు వింటాను' అంటే చాలు. రిజిస్టరులో సంతకాలు, ఆధార్ జిరాక్సులు ఉండవు. చివర్లో ఒక బుట్టో డబ్బానో తిరుగుతుంది, హాలు అద్దెకూ టీకీ ఇష్టమైనవాళ్లు పదో ఇరవయ్యో వేస్తారు, వేయకపోయినా ఎవరూ చూడరు. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఓపెన్ మీటింగు, అందులోనూ ఒకరి కథ పూర్తిగా వినే రోజు, కాస్త తేలిగ్గా ఉంటుంది. వెనక కుర్చీలో కూర్చుని విని వచ్చేయొచ్చు.

ఇంత మామూలు వ్యవహారం మనుషుల్ని ఎలా నిలబెడుతుందన్న అనుమానం సహజం. తెలుగువాళ్లకు దీన్ని వివరించడానికి అయ్యప్ప మాలను మించిన ఉదాహరణ లేదు. రోజూ సాయంత్రం క్వార్టర్ లేనిదే ఇంటికి రాని మనిషి మాల వేసుకోగానే నలభై ఒక్క రోజులు చుక్క ముట్టడు. మాల తీసిన వారానికి మళ్లీ పర్మిట్ రూములో కనిపిస్తాడు. 'అప్పుడు ఉండగలిగినవాడివి ఇప్పుడెందుకు ఉండలేవు' అని ఇంట్లోవాళ్లు నిలదీస్తారు, అతని దగ్గర జవాబు ఉండదు. భక్తి కాదనలేం, కానీ ఆ నలభై ఒక్క రోజులూ అతని చుట్టూ ఏం మారిందో చూడాలి. తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం, రెండు పూటలా పూజ, సాయంత్రం సన్నిధానంలో భజన, పక్కన అదే దీక్షలో ఉన్న మిగతా స్వాములు, ఊళ్లో చిన్నా పెద్దా అందరూ 'స్వామీ' అని పిలవడం, పాత బ్యాచ్ తనంతట తానే దూరం జరగడం. తాగే వేళకు ఇంకో పని, ఇంకో గుంపు, ఇంకో పేరు. మాలతోపాటు ఆ గుంపూ ఆ వేళా అన్నీ ఒకేసారి పోతాయి. మీటింగుకు ముగింపు తేదీ ఉండదు, తేడా అల్లా అక్కడే.

పరిశోధకులు చెబుతున్నదీ దీనికి దగ్గరగానే ఉంది. 2020లో జాన్ కెల్లీ, కీత్ హంఫ్రీస్, మారికా ఫెర్రీ కలిసి, వైద్య అధ్యయనాలను ఒకచోట చేర్చి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ కోసం 27 అధ్యయనాలను, పది వేల పైచిలుకు మంది వివరాలను పరిశీలించారు. పూర్తిగా మానేసి అలాగే కొనసాగడం అన్న ఒక్క విషయంలో, ఏఏ వైపు పద్ధతిగా నడిపించే చికిత్సలు కౌన్సెలింగు లాంటి ఇతర పద్ధతుల కంటే మెరుగ్గా పనిచేశాయని తేల్చారు. అది ఎలా పనిచేస్తుందన్న దానిమీద కెల్లీ వేరేగా చేసిన పనిలో ముందు వరసలో కనిపించేది మనిషి చుట్టూ ఉండే స్నేహాలు మారడం, పెళ్లిళ్లు పార్టీల లాంటి చోట్ల తాగకుండా ఉండగలనన్న నమ్మకం పెరగడం. ఇవి ఎక్కువగా అమెరికాలో జరిగిన అధ్యయనాలు అన్నది గుర్తుంచుకోవాలి. అయినా మీటింగు ఎంచుకునే పద్ధతికి ఇందులోంచి ఒక పనికొచ్చే సంగతి తేలుతుంది. మీటింగు గొప్పదా, పుస్తకం గొప్పదా అన్నది పక్కనపెట్టి, ఆ గదిలో ఉన్నవాళ్లలో కనీసం ఇద్దరితో రేపు ఫోనులో మాట్లాడగలమా అని చూసుకోవాలి.

ఆ లెక్కన చూస్తే వేళే మొదట వస్తుంది. ప్రతి తాగుబోతుకూ చెయ్యి గ్లాసు వైపు లాగే గంట ఒకటుంటుంది, చాలామందికి అది సాయంత్రం ఆరూ తొమ్మిదీ మధ్య. ఆ గంటలో జరిగే మీటింగు ఆ గంటను తినేస్తుంది. ఆదివారం పొద్దున జరిగే మీటింగు ఎంత బాగున్నా శనివారం రాత్రికి పనికిరాదు. తర్వాత దూరం. కూకట్‌పల్లిలో ఆఫీసు నుంచి బయటపడి సికింద్రాబాద్ దాకా ట్రాఫిక్‌లో వెళ్లాల్సిన మీటింగు మొదటి రెండు వారాలు ఉత్సాహంగానే ఉంటుంది, మూడో వారం వాన పడుతుంది. దారి కూడా చూసుకోవాలి, పాత వైన్ షాపు ముందు నుంచే బస్సు దిగి నడవాల్సి వస్తే వేరే దారో వేరే మీటింగో మంచిది. ఇవన్నీ చిల్లర విషయాల్లా కనిపిస్తాయి గానీ మీటింగు మానేయడానికి ఇలాంటివి కూడా కారణమవుతాయి.

భాష దగ్గర కాస్త ఆగాలి. హైదరాబాద్ లాంటి చోట్ల ఇంగ్లీషు, తెలుగు, హిందీ కలగలిసి నడిచే గదులుంటాయి. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు ఇంగ్లీషు మీటింగుకే వెళ్లాలనుకుంటారు, దానికి లోపలి కారణం ఒకటుంది: పెళ్లాం మీద చెయ్యి చేసుకున్నాననో, కూతురి ఫీజు డబ్బు తాగేశాననో ఇంగ్లీషులో చెబితే అంత సిగ్గనిపించదు, ఎవరి కథో చెప్పినట్టు ఉంటుంది. మొదట్లో ఆ దూరం ఉపయోగమే, నోరు తెరుచుకోవడానికి. కొన్ని నెలలయ్యాక మాత్రం ఒకసారి తెలుగు మీటింగులో కూర్చుని అదే సంగతి అమ్మతో మాట్లాడే భాషలో చెప్పి చూడాలి. ఇంగ్లీషు రాదు కాబట్టి మీటింగు మనకు కాదనుకునేవాళ్లు ఏఏ వాళ్లకు ఫోన్ చేసి తెలుగులో ఎక్కడ జరుగుతుందని అడిగితే సరిపోతుంది, పెద్ద ఊళ్లలో దొరుకుతాయి.

మనుషుల కలబోత ఎలా ఉందో కూడా గమనించాలి. అందరూ ఇరవై ఏళ్లుగా మానేసి ఉన్నవాళ్లే అయితే కొత్తవాడికి వాళ్లు మాట్లాడేది పురాణంలా వినిపిస్తుంది, నిన్న రాత్రి నిద్రపట్టని బాధ వాళ్లకు గుర్తుండదు. అందరూ నెలలోపువాళ్లే అయితే ఆనుకోవడానికి ఎవరూ ఉండరు. మూడు నెలలవాడు, మూడేళ్లవాడు, ఇరవై ఏళ్లవాడు ముగ్గురూ ఉన్న గది దొరికితే అదృష్టమే. ఆటో నడిపేవాళ్ల పక్కన బ్యాంకు మేనేజరు కూర్చునే గదులుంటాయి, అది కొందరికి కష్టంగా ఉంటుంది, ముఖ్యంగా మేనేజరుకు. జీతాలు కలవాల్సిన పని లేదు, దాచిన సీసా ఎక్కడ దాచారన్న సంగతులు కలిస్తే చాలు. ఇంకో గుర్తు మీటింగు అయ్యాక తెలుస్తుంది. జనం వెంటనే బండ్లు తీసుకుని వెళ్లిపోతున్నారా, టీ తాగుతూ కొత్తవాడిని పలకరించి నంబరు ఇస్తున్నారా? రెండు మూడుసార్లు వెళ్లినా ఎవరూ పలకరించని గ్రూపును నిరభ్యంతరంగా వదిలేసి ఇంకోటి చూసుకోవచ్చు. మద్యపాన సమస్య ఉన్నవాళ్ల కుటుంబాల కోసం నడిచే ఆల్-ఆనన్ వాళ్లు కొత్తవాళ్లకు ఆరు మీటింగులైనా చూశాకే తేల్చుకోమంటారు. తాగేవాళ్లకూ అదే లెక్క పెట్టుకుంటే మంచిది, వీలైతే ఆరూ ఒకే చోట కాకుండా.

దేవుడి సంగతి. పన్నెండు మెట్లలో దేవుడి ప్రస్తావన పదేపదే వస్తుంది, 'మనం అర్థం చేసుకున్న దేవుడు' అన్న సడలింపుతో. చర్చి హాలులో జరిగినంత మాత్రాన అది క్రైస్తవ ప్రచారం కాదు, చర్చివాళ్లు తక్కువ అద్దెకు హాలు ఇస్తారు కాబట్టి అక్కడ పెడతారు. హిందువులు, ముస్లింలు, ఏ దేవుణ్ణీ నమ్మనివాళ్లు, అందరూ ఉంటారు. గ్రూపునే తమకంటే పెద్ద శక్తిగా అనుకుని నెట్టుకొచ్చే నాస్తికులూ ఉన్నారు. అయినా ఒళ్లు మండుతుంటే బలవంతంగా కూర్చోవాల్సిన పని లేదు. 1994 నుంచి నడుస్తున్న స్మార్ట్ రికవరీలో దేవుడి ఊసు ఉండదు, కోరిక పుట్టినప్పుడు ఏం చేయాలి, ఆలోచనను ఎలా మళ్లించాలి అన్నవాటిని శిక్షణ పొందినవాళ్లు పద్ధతిగా నేర్పుతారు, మధ్యలో ప్రశ్నలు వేసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో ఎక్కడి నుంచైనా చేరవచ్చు. ఇలాంటి ఇతర గ్రూపుల్లో చేరినవాళ్లు, పూర్తిగా మానేయాలన్న గురి ఉంటే, ఏఏలో ఉన్నవాళ్లలాగే నెగ్గుకొస్తున్నారని 2018లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. తెలుగు ఊళ్లలో ఎదురుగా కూర్చుని మాట్లాడే మీటింగు అంటే మాత్రం ఎక్కువగా ఏఏనే దొరుకుతుంది, అది ఒప్పుకోవాలి.

ఆడవాళ్లకు ఇదంతా రెట్టింపు కష్టం. మగవాడు తాగితే తిడతారు, ఆడది తాగితే ఆ మాట పైకి కూడా అనరు, దాంతో తాగుడు వంటింటి అలమారలోనే ముదిరిపోతుంది. మీటింగు గదిలో పదిహేను మంది మగవాళ్ల మధ్య ఒక్కతే కూర్చోవడం ఎంత ఇబ్బందో మగవాళ్లు ఊహించలేరు. ఆడవాళ్లకు మాత్రమే జరిగే ఆన్‌లైన్ మీటింగులతో మొదలుపెట్టడం, 1975లో జీన్ కిర్క్‌పాట్రిక్ అమెరికాలో ఆడవాళ్ల కోసమే పెట్టిన విమెన్ ఫర్ సోబ్రైటీ లాంటివి చూడటం, ఎదురుగా మీటింగుకు వెళితే ముందే ఫోన్ చేసి ఇంకో ఆడమనిషి వచ్చే రోజు కనుక్కోవడం, ఇవి పనికొచ్చే దారులు. స్పాన్సర్ అని పాతవాళ్లలో ఒకరిని తోడుగా ఎంచుకుంటారు, ఆడవాళ్లు ఆడవాళ్లనే, మగవాళ్లు మగవాళ్లనే ఎంచుకోవాలన్నది ఏఏలో పాత జాగ్రత్త. కొత్తగా వచ్చి బలహీనంగా ఉన్న మనిషి మీద కన్నేసే పాతవాళ్లు ప్రతి దేశంలోనూ ఉన్నారు, ఆ పనికి ఏఏలోనివాళ్లే 'పదమూడో మెట్టు' అని వెటకారంగా పేరు కూడా పెట్టారు. అలాంటి వాసన తగిలితే మొహమాటపడకుండా ఆ గది మార్చేయాలి. సైకియాట్రిస్టు ఇచ్చిన మాత్రలు ఆపేయమనే స్పాన్సరు దగ్గరా, చిట్టీలో చేరమనో ప్లాటు కొనమనో మెల్లగా మొదలుపెట్టే 'అన్న' దగ్గరా ఇదే పని. డాక్టరు పనిలో వేలు పెట్టొద్దని ఏఏ వాళ్ల సొంత కరపత్రాల్లోనే ఉంది.

చిన్న ఊళ్లలో అసలు భయం అన్నీ అందరికీ తెలిసిపోతాయని. నిజానికి తాగే సంగతి ఊరందరికీ ఎప్పుడో తెలుసు, తెలియంది మానాలనుకుంటున్న సంగతే, అయినా సిగ్గు సిగ్గే. పక్క పట్టణంలో మీటింగుకు వెళ్లి రావడం, మొదట్లో పేరు మార్చి చెప్పడం కూడా తప్పు కాదు. అక్కడ విన్నది అక్కడే వదిలేయాలన్న నియమాన్ని ఎక్కువమంది పాటిస్తారు, కానీ అది కోర్టు పత్రం కాదు, నమ్మకం. కేసులకు దారితీసే సంగతులు గ్రూపులో చెప్పకుండా వకీలుతోనో డాక్టరుతోనో చెప్పుకోవడం మంచిది.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు మీటింగుతో మొదటి పరిచయం కొన్నిసార్లు కోర్టు ద్వారా జరుగుతుంది. తాగి కారు నడిపి పట్టుబడితే ఇన్ని మీటింగులకు హాజరై కాగితం మీద సంతకం తెమ్మని జడ్జి చెప్పడం అక్కడ మామూలు. మతపరంగా ఇష్టం లేకపోతే వేరే గ్రూపు అడిగే హక్కు ఉంది. హవాయిలో పెరోల్ మీద ఉన్న ఒక బౌద్ధుణ్ణి ఏఏ తరహా కార్యక్రమానికి బలవంతాన పంపడం రాజ్యాంగ విరుద్ధమని 2007లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు తేల్చింది. సంతకాల కోసమే వెళ్లి, సంతకాలు అయిపోయాక కూడా వెళుతూ ఉండిపోయినవాళ్లు ఆ గదుల్లో కనిపిస్తారు. ఇంటివైపు సమయం కుదిరితే ఇండియా ఆన్‌లైన్ మీటింగుల్లోకి కూడా రావచ్చు, అక్కడి రాత్రి ఇక్కడి పొద్దున.

ఇంట్లోవాళ్లు చేసే పొరపాట్లు రెండున్నాయి. తాగుడు మాన్పించే మందంటూ ప్రకటనల్లో వచ్చే పొడులు తెచ్చి కూరలో కలపడం మొదటిది. వాటిలో ఏముందో తెలియదు. డాక్టర్లు వాడే డైసల్ఫిరామ్ మాత్రైనా సరే, మనిషికి తెలియకుండా పెడితే, అతను పైన మందు తాగినప్పుడు బీపీ పడిపోయి ప్రాణాపాయం. రెండోది, మీటింగుకీ డీఅడిక్షన్ సెంటరుకీ తేడా తెలియక రాత్రికి రాత్రి వ్యానులో ఎక్కించి నెలల ప్యాకేజీకి పంపేయడం. ఏఏ ఎక్కడా సెంటర్లు నడపదు, 'పన్నెండు మెట్ల పద్ధతి' అని బోర్డు పెట్టుకున్నంత మాత్రాన ఏఏ అయిపోదు. మద్యం వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కిందికి వస్తాయి, అలాంటి చికిత్స ఇచ్చే చోటుకు రిజిస్ట్రేషన్ ఉందా, సైకియాట్రిస్టు నిజంగా వస్తాడా, ఇంటివాళ్లను కలవనిస్తారా అని అడగాలి. కొట్టి మాన్పిస్తామనే చోటికి మనిషిని అప్పగించకూడదు. మొగుడు మీటింగుకు రానన్నా సరే, భార్య వెళ్లగలిగిన చోటు ఆల్-ఆనన్. 1951లో బిల్ విల్సన్ భార్య లోయిస్ పూనుకుని మొదలుపెట్టిందది. అక్కడ అతన్ని మార్చే చిట్కాలేం చెప్పరు, అతని తాగుడు చుట్టూ తిరుగుతున్న ఇల్లు కాస్త ఊపిరి పీల్చుకోవడం ఎలాగన్నది మాట్లాడతారు.

ఇవన్నీ చూశాక కూడా దగ్గర్లో ఏ మీటింగూ దొరకని ఊళ్లు చాలా ఉంటాయి. ఆన్‌లైన్ మీటింగు అప్పుడు గట్టి ఆసరా, ఇంట్లో మాట వినిపించకుండా చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని డాబా మీద కూర్చుంటే చాలు. ఇక ఏఏ నియమాల ప్రకారం మానాలనుకుని ఇద్దరు ముగ్గురు కూడితే అదే ఒక గ్రూపు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఊళ్లోనే మానాలని చూస్తున్న ఇంకొకరు దొరికితే, వారానికి రెండు సాయంత్రాలు ఒక బడి గదో కమ్యూనిటీ హాలో అడిగి పెట్టుకుని, ముంబై ఆఫీసు నుంచి పుస్తకాలు తెప్పించుకుని, దగ్గరి పట్టణం గ్రూపు నుంచి ఒక పాతమనిషిని మొదటి కొన్ని వారాలు వచ్చి కూర్చోమని అడగవచ్చు. వాళ్లు సాధారణంగా కాదనరు, కొత్తవాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చోవడం వాళ్ల పన్నెండో మెట్టులో భాగమే.